అరవై లీరాల బస్సు

"తియ్యను. చచ్చినా తియ్యను. నేను రాసినదాంట్లో అబద్ధం ఎక్కడుందో చూపించు, అప్పుడు తీస్తా."

టర్కీలోని ఎస్కిషెహిర్ ఊళ్ళో, హమామ్‌యోలు వీధిలో, రుస్తెమ్ ఇంటర్నెట్ కెఫే. మధ్యాహ్నం రెండు. పంతొమ్మిది కంప్యూటర్లుంటే నాలుగే వెలుగుతున్నాయి; ఒకదాని ముందు ముసలి నెజాతి అంకెల పలకల ఆట ఆడుతున్నాడు. కౌంటరు అవతల రుస్తెమ్, ఇవతల కోటు కూడా విప్పకుండా అయ్‌బికె. పదేళ్ళప్పుడు ఇదే కౌంటరు మీద చిల్లర పోసి గంటసేపు ఆట కొనుక్కున్న పిల్ల. ఇప్పుడు తనే 'ఎర్జురుమ్ బస్సు' అని, ఆ ఊరికి బస్సు నడిపే వీడియో ఆట తయారుచేసి ఆన్‌లైన్ స్టోరులో అమ్ముతోంది. నిన్న పొద్దున దాని ధర పెంచింది. సాయంత్రానికల్లా ఆరొందల మంది రివ్యూలు రాసి తిట్టిపోశారు. మొట్టమొదటి తిట్టు రుస్తెమ్‌ది.

"అబద్ధమని నేనన్నానా అన్నా? తియ్యమన్నాను, అంతే."

"ఎందుకు తియ్యాలే? విను. 'ఈ ఆట చేసింది మన ఊరి పిల్ల. మన రొట్టె తిని పెరిగింది. నిన్నటిదాకా అరవై లీరాలు, ఇవాళ ఆరొందలు. సొంతవాళ్ళ మెడ కోసే కత్తికి ఈ పిల్లే పిడి. కొనకండి.' ఇందులో ఏ ముక్క అబద్ధం?"

"రొట్టె ముక్క. నీ దగ్గర నేను తిన్నది నిన్నటి పాచి నువ్వుల సిమిట్లు. అవీ డబ్బిచ్చి."

"నవ్వించకు. కోపంగా ఉన్నా."

"నవ్వించడానికి రాలేదు. శుక్రవారం స్టోరువాళ్ళు నా ఆటని మొదటి పేజీలో పెడతామన్నారు. ఆ సంగతి నీకే మొదట చెప్పాను."

"చెప్పావు. బక్లావా మిఠాయి కూడా తెచ్చావు."

"రెండు షరతులు పెట్టారు. రివ్యూల్లో నూటికి డెబ్బై మెచ్చుకోలుండాలి. ఈ వారం అమ్మకాలు పడిపోకూడదు. మొన్నటికి ఎనభై ఎనిమిది మెచ్చుకోలు. ఇవాళ పొద్దున చూస్తే యాభై మూడు. నువ్వు తీస్తే నీ వెనకాల రాసినవాళ్ళంతా తీస్తారు. అందరూ నీ మాటలే కాపీ కొట్టారు. ఒకడైతే 'మన రొట్టె'ని 'మన రొట్ట' అని కొట్టాడు."

"అది ప్రజల ఆగ్రహం."

"ప్రజలా? నీ ఏడో నంబరు మిషన్, ఎనిమిదో నంబరు మిషన్."

"ఏడైనా ఎనిమిదైనా ప్రజలే! అరవై లీరాలంటే నాలుగు టీలు. నాలుగు టీలు మానేసి ఎవడైనా కొనుక్కునేవాడు. ఆరొందలంటే నలభై టీలు! ఇక్కడ జీతాలేంటో తెలీదా నీకు? బెర్లిన్‌లో ఉన్నవాడికీ, ఇక్కడ ఇటుకలు మోసేవాడికీ ఒకే ధరా? థూ. పరాయి కంపెనీవాడు చేస్తే 'సరే, వాడి బుద్ధి అంతే' అనుకుంటాం. నువ్వా?"

"రుస్తెమ్! నా పలకలు కదలట్లేదు!"

"మౌసు బల్లకి తగిలించి జరపండి నెజాతి బాబాయ్! గాల్లో ఊపితే కదలదు! చూడు, నలభై ఏళ్ళు రైలు నడిపిన మనిషి. మౌసు నడపలేడు."

"అన్నా, మొదటి పేజీ పోతే నా పని అయిపోయినట్టే. బొమ్మలు గీసే ఓర్చున్ వెళ్ళిపోతానన్నాడు. నేను మళ్ళీ ఇస్తాంబుల్ పోయి కాల్ సెంటర్లో కూర్చోవాలి. 'మీ ఓపికకి ధన్యవాదాలండీ' అని రోజుకి రెండొందలసార్లు. నాలుగేళ్ళు ఆ ఎర్జురుమ్ బస్సు తప్ప నాకింకో బతుకు లేదు. రోడ్డు మీద గుంటలు కూడా నేనే వెళ్ళి ఫోటోలు తీసుకొచ్చాను."

"మరి ధరెందుకు పెంచావే పిచ్చిదానా?"

"చెప్తే వింటావా?"

"వింటాగా."

"టర్కీవాళ్ళకని తగ్గించిన ధరకి పదకొండు వేల కాపీలు పోయాయి. నా వాళ్ళు నన్ను నెత్తిన పెట్టుకున్నారనుకున్నాను. ఏడ్చాను కూడా. ఆనందంతో. మొన్న కూర్చుని ఆ పదకొండు వేల అకౌంట్లు ఏ భాషలో ఉన్నాయో చూశాను. టర్కీ భాషలో ఎన్నో చెప్పు."

"ఎన్ని? తొమ్మిది వేలు?"

"మూడొందల పన్నెండు."

"అంతేనా?"

"తక్కినవన్నీ జర్మను, డచ్చి, ఇంగ్లీషు. ఎక్కడో చల్లగా కూర్చుని టర్కీలో ఉన్నట్టు వేషం వేసుకుని నాలుగు టీల ధరకి పట్టుకుపోయారు. వాళ్ళ ఊళ్ళో అది ఇరవై యూరోలు. పోనీ ఆడతారా? ఆడరు. పదివేల పైచిలుకు అకౌంట్లలో ఆటని ఒక్క నిమిషం కూడా తెరవలేదు. కొని మూలన పడేశారు. చవగ్గా దొరికింది కదాని."

"ఛీ. ఛీ ఛీ."

"రంజాన్ నెలలో మున్సిపాలిటీవాళ్ళు గుడారం వేసి పేదలకి ఇఫ్తార్ పెడతారు చూడు. ఆ లైన్లో పెద్ద కారు దిగొచ్చి గిన్నె పట్టుకుని నిలబడితే ఎలా ఉంటుంది? తినడం కూడా లేదు. పట్టుకుపోయి కుక్కకి పడేస్తున్నారు."

"పందులు. బాగా చెప్పావు. పందులు."

"అందుకే ధర పెంచాను."

"అది... అది వేరే సంగతి. అలాగైతే అలాగని జనానికి చెప్పాల్సింది. నేను రాస్తాలే, విదేశీ పందుల మీద. టీ తాగు."

"వాళ్ళనేమీ అనను అన్నా. చవగ్గా దొరికితే ఎవడైనా ఎగబడతాడు. నాకు వాడంటే రోత."

"ఎవడు?"

"తలుపు తీసినవాడు. జర్మనీవాడు ఊరికే లోపలికి రాలేడు. టర్కీ అకౌంటు కావాలి. టర్కీ కార్డు కావాలి. ఇక్కడి పేరు, ఇక్కడి చిరునామా కావాలి. ఎవడో మనవాడే అన్నీ తయారుచేసి అమ్ముతున్నాడు."

"చక్కెర ఒకటా రెండా?"

"వాడినేమనాలి?"

"ఒకటి వేశా. చాలా?"

"సొంతవాళ్ళ మెడ కోసే కత్తికి పిడి అనొచ్చా అన్నా? రాతగాడివి నువ్వే. నువ్వే చెప్పు."

"ఎవడో పొట్టకూటికి చేసుంటాడే. దేశం ఎలా ఉందో చూస్తున్నావుగా. ఎవడి కష్టాలు వాడివి."

"ఇందాక పందులన్నావు."

"వాళ్ళు వేరు. టీ చల్లారిపోతోంది."

"ఒక ఉత్తరం చదువుతాను, విను. జర్మనీలో డూయిస్‌బర్గ్ నుంచి ఒకాయన రాశాడు. పాస్‌వర్డు మర్చిపోయాడట. స్టోరుకి రాయడానికి భయపడి ఆట చేసిన నాకు రాశాడు. 'అమ్మా, నేను అసలైన టర్కీవాడినే. నా పేరు నెజాతి బోజ్‌దా. వయసు డెబ్బై నాలుగు...'"

"నన్నెవరైనా పిలిచారా?"

"లేదు బాబాయ్! మీరాడుకోండి!"

"'...చిరునామా ఎస్కిషెహిర్, హమామ్‌యోలు వీధి, పద్నాలుగో నంబరు, కింది అంతస్తు.' బయట బోర్డు మీద నంబరెంతన్నా?"

"అయ్‌బికె, మెల్లగా."

"నెజాతి బాబాయ్! మీరెప్పుడైనా డూయిస్‌బర్గ్ వెళ్ళారా?"

"అంకారా దాటలేదమ్మా. నా రైలు అక్కడిదాకానే."

"ఎర్జురుమ్ బస్సు అని ఒక ఆటుంది. ఆడారా?"

"నాకు పలకలాట తప్ప ఏమీ రాదు తల్లీ. నిన్న రుస్తెమ్ నా పేరు మీద ఏదో ఫిర్యాదు రాసి పెట్టాడు, పాపం. నా పింఛను గురించే కదూ రుస్తెమ్? వస్తుందంటావా?"

"వస్తుంది బాబాయ్, వస్తుంది."

"ఎన్ని అకౌంట్లు అమ్మావన్నా?"

"ఈ కెఫే చూడు చెల్లీ. నీ చిన్నప్పుడు కుర్చీల కోసం కొట్టుకునేవాళ్ళు. ఇప్పుడు అందరి ఇళ్ళలోనూ..."

"ఎన్ని?"

"అద్దె మూడింతలు..."

"ఎన్ని అన్నా?"

"పదివేల ఆరొందలు."

"ఒక్కోటి?"

"పది యూరోలు."

"నా ఆట ఇరవై యూరోలు. నాకు నాలుగు టీలు మిగిల్చి నువ్వు పది యూరోలు మింగావు. పైగా దేశం, రొట్టె, ఇటుకలు మోసేవాడు! కంచే చేను మేసి, పైరు ఎదగలేదని అరిచినట్టుంది. నా ఆటని ఆ పదివేల మందికి దోచిపెట్టి..."

"వాళ్ళు కొనలేదు."

"ఏంటి?"

"నీ ఆట వాళ్ళు కొనలేదంటున్నా. డూయిస్‌బర్గ్‌లో ఉన్నవాడికి నీ బస్సెందుకే? ఎర్జురుమ్ ఎక్కడుందో తెలుసా వాడికి? వాడికి కావలసింది టర్కీ ధరకి పెద్ద పెద్ద ఆటలు. తుపాకులవీ, ఫుట్‌బాల్‌వీ."

"మరి నా లెక్కలో పదివేలు ఎలా వచ్చాయి? చెప్పు రుస్తెమ్ అన్నా."

"కొత్త అకౌంటు తెరిస్తే అది టర్కీదని స్టోరు ఊరికే నమ్మదు. ఇక్కడి కార్డుతో ఏదో ఒకటి కొనాలి. అప్పుడే ముద్ర పడుతుంది. అందుకని అమ్మే ముందు ప్రతి అకౌంటులోనూ ఒక ఆట నేనే కొంటాను. ఏదో ఒక చవకది."

"ఆగు."

"అరవై లీరాలది."

"ఆగమన్నానా!"

"అడిగింది నువ్వే. నలభై లీరాలది ఇంకోటుంది, చేపలు పట్టే ఆట. అయినా నీదే కొన్నాను. ఒక్కోదానికి ఇరవై లీరాలు నష్టపోయి మరీ. మన పిల్లదని."

"పదివేల ఆరొందలూ నువ్వే."

"నేనే."

"ఆ అంకె చూసి ఉద్యోగం మానేశాను."

"తెలుసు."

"ఓర్చున్ ఫ్యాక్టరీ పని వదిలేశాడు. మా నాన్న వీధిలో కనబడినవాడికల్లా చెప్పాడు. నీకు బక్లావా తెచ్చాను."

"తిన్నాను. బావుంది."

"మెచ్చుకోళ్ళు? ఆ ఎనభై ఎనిమిది? 'బస్సు కిటికీలోంచి మంచు చూస్తుంటే మా ఊరు గుర్తొచ్చింది' అని ఒకడు రాశాడు. అదొక్కటీ ప్రింటు తీసి గోడకి అంటించుకున్నాను."

"అన్నీ కాదు. కొన్ని. అమ్మబోయే అకౌంట్లలోంచి మంచిగా రాస్తే గంట ఫ్రీ అన్నాను పిల్లలతో."

"నిన్న తిట్టినందుకు?"

"రెండు గంటలు. గంటకి ఒప్పుకోలేదు. నువ్వంటే ఇష్టం వాళ్ళకి."

"థూ."

"ఉమ్మకు, తుడవాల్సింది నేనే. నువ్వు ధర పెంచితే ఒక్కో అకౌంటుకి ఐదొందల నలభై లీరాలు నా నెత్తిన పడ్డాయి. నేనేం చెయ్యను?"

"చేపలాట కొనుక్కో!"

"వాడూ మొన్న పెంచాడు. విదేశీయులు దోచేస్తున్నారట."

"నేను పోతున్నా."

"కూర్చో. చేతులు పట్టు, నిమ్మ వాసన కొలోన్యా పోస్తా. ముఖానికి రాసుకో, నెమ్మదిస్తుంది. అదిగో. లోపలికి పీల్చు."

"ఆ మూడొందల పన్నెండు మంది?"

"వాళ్ళు నిజం. ఖురాన్ మీద ఒట్టు. వాళ్ళెవరో నాకు తెలీదు."

"మూడొందల పన్నెండు మంది నిజం."

"పదకొండు. ఒకటి నేను."

"ఆడావా?"

"సివాస్ దాకా వెళ్ళాను. అక్కడ బస్సు తిరగబడింది. నీ గుంటలు మరీ లోతే."

"ఈ ఉత్తరం స్టోరుకి పంపుతాను. నీ చిరునామాతో సహా."

"పంపు. నా అకౌంట్లన్నీ రద్దు చేస్తారు. దొంగ కొనుగోళ్ళు కాబట్టి నీ పదివేలూ కొట్టేస్తారు. ఇచ్చిన డబ్బు వెనక్కి అడుగుతారు. శుక్రవారం మొదటి పేజీలో మూడొందల పదకొండు మందితో నిలబడతావు. నిలబెడితే. ధర దించెయ్ చెల్లీ. రివ్యూ ఇప్పుడే తీస్తాను, పిల్లల చేతా తీయిస్తాను. ఎవడికీ ఏమీ తెలీదు. నాకు శుక్రవారానికి ఐదొందల అకౌంట్ల ఆర్డరుంది."

"రుస్తెమ్! గెలిచాను! మూడాటలు వరసగా!"

"శభాష్ బాబాయ్!"

"ఆ టీ ఇటివ్వు."

"చల్లారిపోయింది. వేరేది పోస్తా."

"ఇదే ఇవ్వు."

"ఫోన్లో ఏం చేస్తున్నావు? అయ్‌బికె? ఎవరికి రాస్తున్నావు?"

"ఎవరికీ రాయట్లేదు. ధర మారుస్తున్నా. అరవై."

"బంగారు తల్లీ! మరి ఉత్తరం?"

"చెరిపేశాను. డూయిస్‌బర్గ్ ఆయనకి కొత్త పాస్‌వర్డు నువ్వే పంపు. ఏడుస్తున్నాడు."

"పంపుతా, పంపుతా. ఇదిగో రివ్యూ తీసేశా, చూసుకో. లేదు ఇక."

"వారం అమ్మకాలు పడిపోకూడదు అన్నాను గుర్తుందా? నిన్నంతా కలిపి రెండు కాపీలు పోయాయి. శుక్రవారానికి ఐదొందలు చాలవన్నా. వెయ్యి చెయ్యి."

"వెయ్యికి పేర్లేవే? ఒక్క పేరు మీద యాభై దాటితే పట్టేస్తారు. ఈ వీధిలో ముసలాళ్ళందరివీ వాడేశాను. ఇంకెవరున్నారు?"

"కాగితం తీసుకో. మా అమ్మ పేరు రాసుకో."