షీటు కింది బాయి

రాయికల్ దగ్గరి ఫాంహౌసులో, వానలు పట్టిన వారానికే స్విమ్మింగ్ పూల్ అడుగున పరిచిన నీలిరంగు షీటు పైకి ఉబ్బింది. తమ్ముడు ఫోన్ చేస్తే అక్క కోరుట్ల నుంచి వచ్చింది.

“కడుగుదామని పూల్ల నీళ్లన్నీ తీసేసినమక్కా. పొద్దుగాల చూస్తే షీటు గిట్ల లేశింది.”

“కింద ఊట ఉన్నది. మీద నీళ్ల బరువు లేకపాయె. లేవదా మరి?”

“మేస్త్రి గూడ గదే అంటుండు. కట్టేటప్పుడే కింద పైపు ఏసి ఊటనీళ్లు తోడాలెనట.”

“మరెందుకు ఎయ్యలే?”

“ఈడ బాయి గిట్ల ఉండెనా అని గప్పుడే అడిగిండు. లేదన్న.”

“ఎందుకన్నవ్?”

“అమూల్య పడ్డ బాయి అని తెలిస్తే ఈ పూల్ల ఎవలు దిగుతరక్కా?”

“నా బిడ్డ పోయిన బాయి పూడుస్తున్నవంటే నీకు దండం పెట్టిన. దాని మీద గిది కడుతవనుకోలే.”

“తప్పయిందక్కా. ఇప్పుడు బాయి అడుగుదాక పైపు దించి మోటరు పెట్టకపోతే గోడలు గూడ కూలుతయట. లోతెంతనో మేస్త్రి అడుగుతుండు. బాయి తవ్విచ్చిన నాయిన లేకపాయె. నాకేమో యాదికి లేదు.”

“గందుకు పిలిచినవా నన్ను?”

“నీకు ఎరుకుంటదని.”

అక్క పూల్‌లోకి దిగి ఉబ్బిన షీటు మీద అరచెయ్యి ఆనించింది.

“పదకొండు బారలని చెప్పు. పిల్లను తీసిననాడు తాడు బార బార గుంజింది నేనే.”