అర్థమైందంటే చాలదు

పిల్లల వార్డులో కిటికీ పక్క మంచం. మంచం మీద ఆరేళ్ల పాప. ఒకపక్క నర్సు. రెండోపక్క, ఇన్హేలరు చేతపట్టుకుని, పాప తాతగారైన రిటైర్డు లెక్కల మాస్టారు.

“అర్థమైంది సిస్టర్. పూర్తిగా అర్థమైంది.”

“అర్థమైందంటే ఇక్కడ చెల్లదు మాస్టారూ. చేసి చూపించాలి.”

“ముప్పై నాలుగేళ్లు నేనూ పిల్లల్ని అర్థమైందా అనే అడిగాను. అందరూ అర్థమైందనే అన్నారు.”

“పరీక్షలో?”

“సగానికి సగం తప్పారు. తప్పు వాళ్లదే అనుకుంటూ రిటైరయ్యాను.”

“సరే, కానివ్వండి. ఇది ఖాళీది, నేర్చుకోడానికే. భయం లేదు.”

“భయమెందుకు? దీన్ని ఈ గొట్టానికి తగిలించి, గొట్టం చివర మాస్కు పాప ముక్కూ నోరూ మూసేలా పెట్టి, నొక్కి...”

“తాతయ్యా, మూత.”

“ఏ మూత?”

“ఇన్హేలరు మూత. తియ్యలేదు నువ్వు.”

“చూశారా సిస్టర్? పిల్ల కనిపెడుతుందో లేదో అని ఆగాను.”

“ఓహో. కుదపడానికి కూడా అందుకే ఆగారా?”

“కుదపాలా?”

“వాళ్లమ్మ పొద్దున పనికి పోతూ ఒక్కసారికే చేసి చూపించి వెళ్లింది.”

“మా కోడలు చురుకైంది. నాదే కొంచెం... వెనక బెంచీ.”

“నవ్వులాట కాదు మాస్టారూ. పగలంతా పాప ఉండేది మీ దగ్గరే. మీకు చేతకాదని నేను రాస్తే ఇక మీ దగ్గర వదలరు. పిల్లల్ని చూసుకునేచోట ఎక్కడైనా చేరుస్తామని మీ కోడలు నాతో అంది.”

“నాతోనూ అంది.”

“అందుకే, మళ్లీ.”

“మూత తీశాను. కుదిపాను. తగిలించాను. మాస్కు పెట్టాను. నొక్కాను. ఒకటి రెండు మూడు నాలుగు అయిదు ఆరు. అయిపోయింది.”

“ఏమయిపోయింది?”

“ఆరు ఊపిర్లు.”

“ఎవరివి?”

“పాపవి.”

“పాప పీల్చింది రెండే. మిగతా నాలుగూ మీ నోట్లో అంకెలు.”

“తాతయ్య ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు సిస్టర్.”

“నువ్వు మాట్లాడకు. నువ్వు రోగివి.”

“మీరు అంకెలు వదిలేయండి మాస్టారూ. గొట్టంలో చిన్న రెక్క ఉంది, కనబడుతోందా? పాప పీల్చినప్పుడల్లా అది కదులుతుంది. అది ఎన్నిసార్లు కదిలితే అన్ని ఊపిర్లు. పాప వెనకాల నడవాలి, ముందు పరిగెత్తకూడదు.”

“ఈ మాట ఉద్యోగంలో చేరిన రోజే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.”

“గొట్టానికి ఇంకో మాస్కు తగిలించి ఇస్తాను, ముందు మీ ముఖానికి పెట్టుకుని చూడండి, తెలుస్తుంది.”

“పెట్టుకున్నాను. నాకేం కదలడం లేదే. ఇది పాడైపోయినట్టుంది.”

“అది బాగానే ఉంది. మీరే ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. పీల్చండి.”

“ఆఁ... కదిలింది.”

“కదులుతుంది. ఇదుగో, ఇది అసలు మందు, రోజూ వాడేది. వేళయింది. పాపకివ్వండి.”

“ఈసారి మూత తీశావా తాతయ్యా?”

“తీశానే, కుదిపాను కూడా. ఊఁ, పీల్చు. మెల్లిగా. నాకేం తొందర లేదు. ఇంకోటి. ఇంకోటి... సిస్టర్, ఆరు. పాపవే, ఆరూ.”

“పాపవే. చూశాను.”

“పాసా?”

“చేతుల పరీక్ష పాసు. పాపా, ఈ మందు తర్వాత నోరు పుక్కిలించాలి కదా, వెళ్లిరా. మాస్టారూ, కాయితం మీద ఇంకొక్క ప్రశ్న. ఆయాసం రాగానే ఏం చేస్తారు?”

“నిటారుగా కూర్చోబెడతాను. ఆయాసానికని ఇచ్చిన నీలం ఇన్హేలరు ఇస్తాను. ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తెస్తాను.”

“మరి మొన్న ఆయాసం వచ్చినప్పుడు ఎందుకివ్వలేదు? ఇన్హేలరు ఇంట్లోనే ఉందట. ఇక్కడికి తెచ్చేసరికి పెదాలు నల్లబడ్డాయని కేసు షీట్లో రాసుంది.”

“అది మొన్న. ఇప్పుడు నేర్చుకున్నానుగా.”

“కనబడలేదా, ఎక్కడ పెట్టారో?”

“మా ఇంట్లో నాకు కనబడేవి కళ్లజోడూ పేపరూ. అవి కూడా ఎవరైనా చేతికిస్తే.”

“మాస్టారూ.”

“చెప్పండి.”

“తప్పు పట్టడానికి అడగడం లేదు. ఎక్కడ ఆగిపోయారో తెలిస్తేనే మళ్లీ అక్కడ ఆగకుండా చూడగలను. ఆ ఒక్క గడీ నింపకుండా సంతకం పెట్టలేను.”

“పాప ఎంత దూరంలో ఉంది?”

“కుళాయి దగ్గర. వినబడదు.”

“ఇన్హేలరు చేతిలోనే ఉందమ్మా. పోయినేడాది ఈ వార్డులోనే మా ఆవిడకి నేర్పారు. నేను బయట కూర్చుని పేపరు చదువుకున్నాను. మొన్న అది పట్టుకుని, వంటింటివైపు తిరిగి, ఆవిణ్ణి పిలిచాను. పలకలేదు. గట్టిగా పిలిచాను. మూడోసారి పిలవబోతుంటే పాప నా చొక్కా పట్టుకుంది. అంత ఆయాసంలోనూ ఒక్కో మాటే కూడదీసుకుని, ‘నాన్నమ్మ చనిపోయింది కదా తాతయ్యా’ అంది.”