రూత్ గురువమ్మాళ్ గారు ఇచ్చేసిన చోటు

1950వ సంవత్సరం జూన్ మాసం ఐదవ తేదీ సోమవారంనాడు, రాజపాళయంలోని మన మిషన్ బాలికల పాఠశాలలో కుమారి రూత్ గురువమ్మాళ్ గారు ఉపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించారు. తాతగారి కాలంలోనే క్రైస్తవం స్వీకరించిన తమిళనాటి తెలుగు కుటుంబం వారిది. మతం మారింది గాని, ఇంట్లో మాటా, పులుసులో చింతపండూ మారలేదు.

తళవాయిపురం నుంచి సైతం బస్సెక్కి వచ్చిన బాలికలకు వారు అక్షరభిక్ష పెట్టారు. బొట్టు పెట్టుకున్న పిల్ల చేతికీ, పెట్టుకోని పిల్ల చేతికీ వారి బెత్తం సమానంగానే తగిలేదని పూర్వవిద్యార్థినులు నేటికీ సాక్ష్యమిస్తారు. 1956లో మాతృశ్రీ గతించినప్పుడు, చర్చి శ్మశానంలో ఆ సమాధి పక్కనే తమకూ చోటు రాయించుకున్నారు. అవివాహిత అయిన వారికి లోకంలో సొంతమనదగిన నేల అదొక్కటే.

1961 వేసవిలో మన పాఠశాల ఆయా బొమ్మి వాంతిభేదితో మరణించింది. సేత్తూరు రైతు కుటుంబపు మనిషి. భర్త సిలోనుకు పోయి తిరిగిరాలేదు. ఆదివారం చర్చిలో కడపటి బెంచీ, మంగళవారం కులదేవత జక్కమ్మకు దీపం, రెండూ ఆమె విడవలేదు. జ్ఞానస్నానం ఎప్పుడని పాదిరిగారు అడిగితే, "జక్కమ్మను ఒక మాట అడిగి చెప్తా సామీ" అనేది. జక్కమ్మ జవాబు రాకముందే చావు వచ్చింది.

శవం బడి వరండాలో ఉండగా తమ్ముడు లక్ష్మణన్ వచ్చి తల బాదుకున్నాడు. "చర్చి బెంచీలో కూచున్నదాన్ని మా కాట్లో పెడితే ఊరోళ్లు నన్నూ వెలేస్తారు టీచరమ్మా!"

"జ్ఞానస్నానం లేనిదానికి మా దగ్గరా చోటు లేదు. ఇది నా చట్టం కాదు టీచర్, సభ చట్టం," అన్నారు పాదిరిగారు.

రెండు మతాలూ ఇంత త్వరగా ఏకాభిప్రాయానికి రావడం మన ఊళ్లో అదే ప్రథమం.

ఎండ వరండాలోకి పాకింది. ఈగలు తోలుతున్న గురువమ్మాళ్ గారికి తల్లి పక్కనున్న ఖాళీ నేల కళ్లముందు మెదిలింది. అక్కడ కలుపు పీకిన సాయంత్రాలలో చావంటే భయం లేకుండా ఉండేది. అయినా అన్నారు, "నా చోటు ఉండాది గదా. దాంట్లో పెట్టండి."

చర్చి కమిటీ కార్యదర్శి నిబంధనలన్నీ వెతికినా, ఇవ్వకూడదన్న నిబంధన దొరకలేదు. "సరే, ఆ బొట్టయినా తుడవండి," అన్నారు.

"మొగుడు బతికి ఉండాడని నమ్మి పెట్టుకున్న బొట్టు అది. ఆయప్ప చచ్చినాడని మీకు సిలోన్ నుంచి తంతి వచ్చినాదా?"

రాలేదు. బొట్టుతోనే పూడ్చారు. గంట మోగలేదు, ప్రార్థన జరగలేదు. గోడ దాటి రాలేని లక్ష్మణన్ అవతల నుంచే గుప్పెడు మట్టి విసిరాడు. సగం కార్యదర్శి గారి తెల్లచొక్కా మీద పడింది.

అటుపై కమిటీ గురువమ్మాళ్ గారిని ప్రభువు బల్లకు దూరం చేసింది. శ్మశానంలో మరో చోటు ఇచ్చేది లేదని తీర్మానించింది. అర్హతలన్నీ ఉన్నా ప్రధానోపాధ్యాయిని పదవి వారిని తప్పించుకు తిరిగింది. రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడానికి అందరూ బల్ల దగ్గరికి లేచినప్పుడు వారొక్కరే కూర్చుని ఉండేవారు. "ఎందుకక్కా ఇంకా పోతారు?" అని ఒక సహోపాధ్యాయిని అడిగితే, "పోకుంటే వాళ్లకు నిమ్మళం గదమ్మా. పోతే వారం వారం నా మొగం చూడాల," అన్నారు.

ఈ 1968 మే మాసాంతంలో పదవీ విరమణ చేస్తున్న కుమారి గురువమ్మాళ్ గారికి పింఛను ఉంది, అద్దె ఇల్లు ఉంది. పోవడానికి మాత్రం చోటు లేదు. తీర్మానం నేటికీ రద్దు కాలేదు. కనుక కమిటీవారి మనసు కరిగేంతవరకు, అనగా మిక్కిలి దీర్ఘకాలం, వారు సంపూర్ణ ఆరోగ్యంతో జీవించి తీరవలసిందిగా మనమందరం ప్రార్థిద్దాం. ఎవరి దేవుణ్ణి వారు.