పంతొమ్మిదేళ్ళ నదిని తుడిచేసిన అక్షరం

సభాధ్యక్షులైన డైరెక్టరుగారికి, నాకంటే ముందే రిటైరై ముందు వరుసలో హాయిగా కునుకు తీస్తున్న పెద్దలకు, టిఫిన్ల కోసమైనా సరే ఓపిగ్గా కూర్చున్న మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

డైరెక్టరుగారు ఇందాక నన్ను ఆకాశానికెత్తేశారు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క పొరపాటూ చేయని మనిషినట! వింటూంటే, ఎవరా మహానుభావుడు, ఒకసారి చూసి దణ్ణం పెట్టుకుందామని నాకే అనిపించింది. (నవ్వులు)

కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను. మన ఆఫీసులో నది నీటిమట్టాలన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి, రోజూ పొద్దున వచ్చిన అంకెను దాని చివర చేర్చాలి. పదకొండేళ్ళ క్రితం, ఈ మాత్రం పనికి మనిషెందుకని, కంప్యూటరే దానంతటది చేసుకునేలా నేనొక చిన్న స్క్రిప్టు, అంటే నాలుగు వరుసల ప్రోగ్రాము రాశాను. అందులో ఫైలు తెరిచేటప్పుడు ఒక అక్షరం పెట్టాలి. ఆర్ అంటే చదవడానికి, ఏ అంటే చివర చేర్చడానికి, డబ్ల్యూ అంటే కొత్తగా రాయడానికి, అదీ లోపలున్నదంతా ముందు తుడిచేసి మరీ. రాయడమే కదా అని ఈ మేధావి డబ్ల్యూ పెట్టాడు. పంతొమ్మిదేళ్ళ అంకెలు పోయి, ఆ రోజుది ఒక్కటే మిగిలింది. ఫైలు మాత్రం పద్ధతిగా మూశానండోయ్! (నవ్వులు)

నవ్వండి, కానీ ఆ స్క్రిప్టు నడిపింది నా కంప్యూటర్లో కాదు. రోజూ అంకెలు కొట్టే అక్క టీకి వెళ్ళినప్పుడు, ఆమె కంప్యూటర్లో. వయసులో నాకంటే ఏడాది చిన్నదే అయినా, నాకూ ఆఫీసుకంతటికీ అక్కే, అదిగో, మూడో వరుసలో. అప్పటి అధికారి వచ్చి కేకలేశారు. "నేను కొట్టింది ఒక్క అంకేనండీ" అంటూనే ఉంది పాపం. "ఏదో బటన్ నొక్కేసుంటావులే" అన్నారాయన. నేను పక్క కుర్చీలో నోరు మెదపలేదు. స్క్రిప్టు చెరిపేసే పని మాత్రం చకచకా చేశాను.

అక్కకు రావలసిన సూపర్‌వైజర్ పోస్టు ఆగిపోయింది. కింది గదిలో కూర్చుని, పాత రిజిస్టర్లు చూసి, రెండేళ్ళపాటు అవే అంకెలు మళ్ళీ కొట్టింది. మరి నేనో? ఫైలు తెరిచేముందు "చదవడానికా, రాయడానికా?" అని పక్కవాళ్ళు అడిగి తీరాలని నియమం పెట్టించాను. మీరంతా ఇప్పటికీ పాటిస్తున్నారే, అదే. దానికి నాకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు! (చప్పట్లు) చప్పట్లేమిటండీ, ఆగండి.

డైరెక్టరుగారూ, మీ ముందున్న కవర్లో కృతజ్ఞతాపత్రం ఉందనుకుంటున్నారేమో. కాదు. ఇదంతా రాసి సంతకం పెట్టాను. అక్కకు ఇంకా ఏడాది సర్వీసుంది. ఆమె మీద పడ్డ మచ్చ తీసేయండి, ఆ పోస్టు ఇవ్వండి. నన్నేం చేస్తారో మీ ఇష్టం.

అక్కా, రోజూ "టిఫిన్ చేశావా తమ్ముడూ?" అని అడిగేదానివి. తలెత్తి జవాబు చెప్పలేకపోయేవాణ్ణి. సిగ్గుగా ఉందక్కా.

అక్క లేచింది. వెళ్ళిపోతోంది... అటెండరుగారూ, ఆపకండి, తలుపు తీయండి. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. విని నన్ను క్షమించడానికి ఆమెకు రెండు నిమిషాలు చాలాలంటే ఎలా?

ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇక నా దగ్గరికి ఎవరూ రాకండి, అక్క దగ్గరికి వెళ్ళండి. నాకు సెలవిప్పించండి.