జగదాంబ గారి కుర్చీ ఖాళీగా లేదు

అందరికీ నమస్కారం. ఆగిరిపల్లి నుంచి తోట పనులు ఆపుకుని వచ్చిన బంధువులకీ, పై అంతస్తులో కంప్యూటర్లు వదిలి కిందికి దిగొచ్చిన మా ఆఫీసు వాళ్ళకీ, ముందు వరసలో కూర్చున్న జగదాంబ గారి భర్త బసవపున్నారావు గారికీ, వాళ్ళమ్మాయి అన్వితకీ నమస్కారం. జగదాంబ గారు పోయారు. ఈ మాట పైకి అనడానికి నాకు ఇంకా నోరు రావడం లేదు. పోయిన వారం ఈ మెట్లే ఎక్కుతూ, ఈ బిల్డింగుకి లిఫ్టు ఎప్పుడు పెట్టిస్తారండీ అని మేనేజరు గారిని దెప్పిన మనిషి, మర్నాడు విజయవాడ ఆసుపత్రిలో గుండె ఆగి కన్నుమూశారు.

నా పేరు ప్రవల్లిక. మాది విస్సన్నపేట. ఆవిడ పక్క సీటు నాది. మేడం అంటే ఆవిడ ఊరుకునేవారు కాదు, అక్కా అని పిలవమనేవారు. నాకు నోరు కాస్త ఎక్కువని ఇక్కడ చాలామందికి తెలుసు. ఏడవకుండా మాట్లాడేదానివి నువ్వేనని మావాళ్ళు నన్ను ముందుకు తోశారు. ఏడవను. కానీ కోపంగా ఉన్నాను. ఆ కోపం దాచుకుని తియ్యగా మాట్లాడితే అక్కే నన్ను తిడుతుంది.

మా ఆఫీసులో ఏం చేస్తామో తెలియని పెద్దలున్నారు కాబట్టి ముందు అది చెబుతాను. విదేశాల్లో ఒక కంపెనీ బూట్లు, చెప్పులు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. కొన్నవాళ్ళకి ఇబ్బందొస్తే మెసేజ్ పెడతారు. సైజు సరిపోలేదంటారు, పార్సిల్ రాలేదంటారు. వాటికి నూజివీడులో మేమూ, ఫిలిప్పీన్స్‌లో సెబు అనే ఊళ్ళో ఇంకో టీమూ జవాబులు రాస్తాం. అక్కడి టీముకు పెద్ద రోజీ గారు. మాకు పెద్ద జగదాంబక్క. ఎవరికి ఏ పని ఇవ్వాలో, ఎవరిని ఎప్పుడు ఇంటికి పంపాలో వీళ్ళిద్దరూ చూసుకునేవారు.

ఒక ఏడాది మే నెలలో గాలివాన కొట్టింది. తెల్లారేసరికి మామిడి తోటల్లో కాయంతా నేల మీద ఉంది. రాలిన కాయ సంగతి మీకు నేను చెప్పాలా? ఆ పూటే ఏరి బండెక్కించకపోతే దాన్ని ఎవరూ ముట్టుకోరు. మా ఆఫీసులో సగం మంది తోటలున్న ఇళ్ళవాళ్ళం. ఒక్కరికీ మనసు పని మీద లేదు. అప్పుడు అక్క ఏం చేసింది? హైదరాబాదు హెడ్డాఫీసుకి ఫోన్ చేసి సెలవు కోసం బతిమాలలేదు. సెబులో ఉన్న రోజీ గారికి రాసింది. మా పల్లెల్లో ఒక పద్ధతి ఉందండీ, ఇవాళ మీ పొలంలోకి మేమొస్తాం, రేపు మా పొలంలోకి మీరొస్తారు, మధ్యలో కూలి మాటే ఉండదు, ఇవాళ మా పొలంలోకి రాగలరా అని అడిగింది.

రోజీ గారు ఎందుకని అడగలేదు. వాళ్ళ పల్లెల్లోనూ అలాంటి పద్ధతే ఉందట. ఆ రోజు మా మెసేజీలన్నీ సెబు వాళ్ళు తీసుకున్నారు. మేం తోటల్లో కాయ ఏరుకున్నాం.

తర్వాత చలికాలంలో సెబుకి తుఫాను వచ్చింది. ఇళ్ళ రేకులు లేచిపోయాయి, కరెంటు లేదు. ఎవరూ అడక్కముందే అక్క మా మధ్యకొచ్చి నిలబడింది. "వాళ్ళకీ గాలివానే అమ్మాయ్, కుర్చీలు దగ్గరకి లాక్కోండి" అంది. వాళ్ళకి కరెంటు వచ్చేదాకా వాళ్ళ పని మేమే చేశాం. అప్పటినుంచి అది ఆనవాయితీ అయిపోయింది. మేం ఆవకాయ పెట్టుకునే రోజు వాళ్ళు, వాళ్ళ ఊరి పండగ రోజు మేము. కొన్నవాళ్ళకి జవాబు ఆగలేదు. కంపెనీకి నష్టం రాలేదు. ఇందులో తప్పేముంది చెప్పండి?

తప్పుందని కొత్త సాఫ్ట్‌వేర్ చెప్పింది. ఏ మెసేజీ ఎవరికివ్వాలో ఇకనుంచి అదే చూస్తుందన్నారు, ఎవరు ఇంటికెళ్ళాలన్నది మాత్రం ఇంకా అక్క చేతిలోనే ఉంది. తొందరగా రాస్తే మన పేరు పక్కన పచ్చ, ఆలస్యమైతే ఎరుపు. ఒక్క విషయం ఒప్పుకోవాలి, అక్క యంత్రానికి శత్రువు కాదు. ఎక్కడో పోలండు నుంచి వచ్చిన మెసేజీని అది క్షణంలో ఇంగ్లీషులోకి మార్చి పెడుతుంటే అందరికంటే ముందు మురిసిపోయింది తనే. ఇంట్లోకి గ్రైండరొస్తే వద్దన్నానా, ఇదీ అంతే అనేది. కానీ పిండి రుబ్బాల్సిన గ్రైండర్ ఇవాళ ఇంట్లో ఎవరు తినాలో చెబుతానంటే ఊరుకుంటామా అని కూడా అనేది.

కొన్నాళ్ళకి మాకో కబురొచ్చింది. సెబు వాళ్ళు మీకంటే వేగంగా ఉన్నారు, మీరు వెనకబడితే నూజివీడులో సీట్లు తగ్గిస్తాం అని. మేం హడలిపోయాం. మా టీములో దుర్గ అయితే మధ్యాహ్నం అన్నం తినడం మానేసి టైపు కొట్టింది. మంచినీళ్ళు తాగితే లేవాల్సొస్తుందని మేం నీళ్ళు కూడా తగ్గించాం. సిగ్గుగా ఉంది చెప్పడానికి, సెబు వాళ్ళని తిట్టుకున్నాం కూడా. అక్క తిట్టలేదు. రోజీ గారికి ఫోన్ చేసింది. అటునుంచి ఆవిడ ఏం చెప్పిందో తెలుసా? నూజివీడు వాళ్ళు మీకంటే వేగంగా ఉన్నారు, జాగ్రత్త అని వాళ్ళకి చెప్పారట.

అక్క ఆ మాట కడుపులో పెట్టుకోలేదు. విదేశీ పెద్దలంతా ఉన్న వీడియో మీటింగులో నిలబడి అడిగింది. ఆవిడ ఇంగ్లీషు కూడా తెలుగులాగే నడిచేది, అయినా ఆ రోజు అర్థం కానివాళ్ళు లేరు. "మమ్మల్ని పందెంకోళ్ళు అనుకున్నారేమో. మేం కొట్టుకోం" అంది. తెర మీద రోజీ గారు పడీ పడీ నవ్వారు. సెబులోనూ కోడిపందేలున్నాయట, ఇంకెవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. ఆ తర్వాత ఆ పోలిక కబుర్లు రెండు ఊళ్ళకీ ఆగిపోయాయి. ఆపించింది ఎవరు? డిగ్రీ చదివి, పెళ్ళయ్యాక మామిడి తోట చూసుకుంటూ, పిల్ల హైస్కూలుకొచ్చాక మళ్ళీ కంప్యూటర్ నేర్చుకుని ఉద్యోగంలో చేరిన ఈ ఆగిరిపల్లి కోడలు.

ఇంకొకటి చెప్పాలి. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఒక పెద్దావిడ మెసేజ్ పెట్టింది. మా ఆయన కోసం బూట్లు తెప్పించాను, బూట్లొచ్చేలోపు ఆయన పోయారు, వీటిని ఏం చెయ్యాలో తోచడం లేదు అని. సాఫ్ట్‌వేర్ వెంటనే జవాబు తయారుచేసి నా ముందు పెట్టింది. ఏ సైజు కావాలో చెప్పండి, మార్చి పంపుతాం అని. నొక్కడమే తరువాయి. అక్క పక్కనుంచి నా చెయ్యి పట్టుకుంది. కుర్చీ జరుపుకుని తనే రాసింది. ఆయన పేరేంటని అడిగింది. ఎన్నాళ్ళు కాపురం చేశారని అడిగింది. ఆ పెద్దావిడ రాస్తూనే ఉంది, ఈవిడ చదువుతూనే ఉంది. నా పేరు పక్కన ఎరుపు పడింది. నేను గాభరాపడితే, "ఉండనీవే, అది ఎర్రబడితే మన ముఖం మాడిపోతుందా" అంది. చివరికి డబ్బు వెనక్కి పంపించి, ఆ బూట్లు ఎవరికైనా ఇవ్వమని రాసింది.

అలాంటి మనిషి పోయింది. ఇంకా పెద్దకర్మ కూడా కాలేదు. కంపెనీ పెద్దల నుంచి మెయిల్ వచ్చింది. సంతాపం మొదటి వాక్యంలో ఉంది. రెండో వాక్యంలో ఏముందో ఈ సభకి చెప్పితీరతాను. జగదాంబ స్థానంలో ఎవరినీ పెట్టబోవడం లేదు, ఆ పని ఇకపై సాఫ్ట్‌వేరే చేస్తుంది, రెండు ఊళ్ళ మధ్య పని మార్చుకోవడం నేటితో రద్దు.

జయదేవ్ గారూ, మీరు మా మేనేజరు. వెనక వరసలో తలదించుకుని కూర్చున్నారు, తల ఎత్తండి. ఈ మెయిల్ మీరు రాయలేదని మాకు తెలుసు. మీకూ పైవాళ్ళున్నారు. రేపు మీ కుర్చీ గురించి కూడా ఇలాంటి మెయిలే రావచ్చు. అందుకే మా జవాబు మీ చేతికే ఇస్తున్నాం, పైకి పంపండి. రేపు ఉదయం అక్క కుర్చీలో దుర్గ కూర్చుంటుంది. మేమంతా కలిసి ఎన్నుకున్నాం. మెసేజీని ఏ భాషలోకి మార్చాలో యంత్రం చూసుకోనివ్వండి, మాకు అభ్యంతరం లేదు. గాలివాన కొడితే ఎవరు ఇంటికెళ్ళాలో మాత్రం మనిషే చెబుతుంది. కాదూ కూడదంటే మా అందరి లాగిన్లూ ఒకేసారి తీసెయ్యండి. ఇదే మాట సెబు నుంచి కూడా వెళ్ళింది. రోజీ గారు తన పేరు మొదట రాసి పంపించారు. మాకు భయం లేదా? ఉంది. నెల తిరిగితే కట్టాల్సిన ఫీజులున్నాయి, మందులున్నాయి. భయపడుతూనే చెబుతున్నాం.

బసవపున్నారావు బావగారూ, అన్వితా, మీ ఇంటి మనిషిని మీకు తెచ్చివ్వలేం. ఆవిడ మాకు నేర్పినదాన్ని మాత్రం వదిలిపెట్టం. ఇది మీ ముందు చేస్తున్న ప్రమాణం.

ఇప్పుడు అందరినీ ఒకసారి లేవమని అడుగుతాను. లేచేముందు ఒక్క సంగతి. సభకి సగం మందే వెళ్ళాలి, సగం మంది పనిలో ఉండాలని కంపెనీ షరతు పెట్టింది. మరి మేమంతా ఇక్కడే ఉన్నాం. పైన కుర్చీలన్నీ ఖాళీ. నూజివీడు మెసేజీలకి ఇప్పుడు జవాబు రాస్తున్నది ఎవరు? ఇవాళ తమకి సెలవు దినమైనా ఇంట్లో ఉండకుండా ఆఫీసుకొచ్చి కూర్చున్న సెబు వాళ్ళు. రద్దన్న పద్ధతిలోనే, రద్దన్న తర్వాత. ఈ టేబుల్ మీదున్న ఫోన్లోంచి రోజీ గారు మన మాటలు వింటున్నారు. అక్క కోసం మౌనంగా నిలబడాలని వాళ్ళకీ ఉంది. కానీ మన పని చేతుల్లో ఉంది కాబట్టి వాళ్ళు లేవలేరు. వాళ్ళ వంతు కూడా మనమే నిలబడదాం. లేవండి.