లిండ్సే సంచీ

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో, సరస్సు పక్క అడవిబాట ముగిసేచోట నడక సంఘం బస. నైరీ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె భర్త లిండ్సే కనిపించక రెండు గంటలైంది. బావగారు సెల్విన్ చేతిలో ఫోను ఉంది.

"నీళ్ళలో వెతకమన్నాను. పడవ బయల్దేరింది."

"నీళ్ళలోనా? ఎందుకు బావగారూ?"

"వాడి సంచీ అరుగు మీదుంది కదమ్మా. సంచీ వచ్చిందంటే మనిషీ వచ్చినట్టే. రేవులో దిగుంటాడు."

"ఆయనకి చన్నీళ్ళు పడవు."

"మరెక్కడికి పోయాడు? పొద్దున ఇన్సులిన్ వేసుకుని రెండు బిస్కెట్లు తిన్నాడు. చక్కెర పడిపోతే వేసుకునే బిళ్ళలు ఈ సంచీలోనే ఉండిపోయాయి."

"అడవిలో వెతికిద్దాం."

"అడవిలో ఎందుకు? అందరికంటే చివర నడిచింది నేను. దారంతా చూసుకుంటూనే వచ్చాను."

"ఏం చూశారు? కొండల మీద మంచు చూశారు. మీ తమ్ముణ్ణి తప్ప అన్నీ చూశారు."

"నోరు జారకు. ముప్పై ఏళ్ళుగా వెనక కాపలా నాది. ఒంటికని పొదల్లోకి వెళ్ళేవాడు సంచీ బాట మీద పెట్టి వెళ్తాడు. అది కనిపిస్తే ఆగిపోతాను, మనిషి వచ్చేదాకా కదలను. ఇవాళ బాట మీద ఒక్క సంచీ లేదు."

"పెట్టడం మర్చిపోయాడేమో."

"మర్చిపోతే వాడి వీపునే ఉండాలిగా. ఇక్కడికెలా వచ్చింది? నడిచొచ్చిందా?"

"నన్నడుగుతారేం?"

"ఇంకెవర్నడగను? కారు దిగినప్పట్నుంచీ మీ ఇద్దరికీ మాటల్లేవు. ఏమైంది?"

"ఎప్పుడూ ఉన్నదే. ఆయన ఫ్లాస్కు నేనే మొయ్యాలి, ఆయన కోటు నేనే మొయ్యాలి. కాస్త ఎత్తు రాగానే సంచీ కూడా నాకే."

"ఇప్పుడా పాట ఎందుకు?"

"మీరేగా అడిగింది."

"సరే. పోలీసులు లైన్లో ఉన్నారు. ఆఖరిసారి ఎక్కడ కనిపించాడు?"

"రెండో వంతెన దగ్గర."

"ఇందాక ఇక్కడే ఎక్కడో ఉంటాడన్నావ్."

"అన్నానా?"

"అన్నావ్. అందుకే పడవ పంపాను. రెండో వంతెనంటే గంటన్నర వెనక. అక్కడ కనిపించింది వాడా, సంచీనా?"

"అలా గద్దించకండి."

"వాడా, సంచీనా?"

"సంచీ. బాట పక్కన. మళ్ళీ నా నెత్తిన పడేసి ముందుకెళ్ళిపోయాడనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది."

"నేనొచ్చేసరికి అక్కడ లేదే. ఎవరు తీశారు?"

"పడవని వెనక్కి పిలవండి బావగారూ. నేనే తీశాను."