అధ్యక్షుడి కోటుకు ఐదు గుండీలు

"నేను చెప్పబోయేదాంట్లో పిసరంత అబద్ధమున్నా ఆ కుట్టుమిషను సూది లేచొచ్చి నా పెదాలు రెండూ కలిపి కుట్టెయ్యాలి," అంది అత్తగారు, కత్తెర బల్ల మీదికెక్కి కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ.

కోడలు మిషను తొక్కడం ఆపలేదు. ఆ ఒట్టు పనిచేసేదే అయితే, తను కాపురానికొచ్చిన ఈ పదహారేళ్ళలో అత్తగారి మూతి మీద ఇంకో కుట్టు వెయ్యడానికి చోటే మిగిలేది కాదు.

అత్తగారిని వీధివీధంతా కొలతలమ్మ అంటారు. డెబ్భై ఏడేళ్ళు. ఆవిడ కత్తెర చప్పుడు వినపడితే చాలు, పక్క వీధి గుడ్డల కొట్లలో తానులు వాటంతటవే విప్పుకుంటాయని చెబుతారు. చెప్పేది ఆవిడే.

దర్జీ కొట్టంటే పొడుగాటి ఇరుకు గది ఒకటి. ముందు కత్తెర బల్ల, వెనక రెండు మిషన్లు, చివర మూలన కాజాలు కుట్టే కుర్చీ. గుమ్మం బయట అరుగు మీద ఇస్త్రీ ఆయన బల్ల. గోడవార బెంచీ మీద పోస్టుమాను, సంచీ ఒళ్ళో పెట్టుకుని, అందులో ఉత్తరాలన్నీ తనకే వచ్చినట్టు నింపాదిగా కూర్చునున్నాడు.

మాట మొదలైంది వీధి అవతల ఎదురుగోడ మీది బొమ్మల దగ్గర. దేశాధ్యక్షుడి ఎన్నిక పదిరోజుల్లో ఉంది. ఒక బొమ్మలో ఎనభై రెండేళ్ళ పెద్దాయన, పక్క బొమ్మలో ముప్పై తొమ్మిదేళ్ళ కుర్రాయన.

"నాకు అనుమానమే," అన్నాడు పోస్టుమాను. "ఎనభై రెండని వాళ్ళంటున్నారు గానీ, ఆ చెవులు చూడండి. మనిషి ఆగినా చెవులు ఆగవు, పెరుగుతూనే ఉంటాయి. ఆ చెవులకి ఎనభై ఆరు ఎక్కడికీ పోవు."

"ఆ కుర్రాయన మాత్రం తక్కువ తిన్నాడా?" అన్నాడు ఇస్త్రీ ఆయన, పెట్టె మీద నీళ్ళు చిలకరించి వేడి చూసుకుంటూ. "మొహం మీద ఒక్క మడత లేదు. మడత లేని గుడ్డని చూస్తే నాకు భయం. ఒక్కసారీ ఒంటి మీద వెయ్యలేదన్నమాటే."

కోడలు తలెత్తకుండానే అంది. "అధ్యక్షుడవ్వాలంటే ముప్పై ఐదు దాటాలని కింద ఒక గీత గీశారు కదా. పైన కూడా ఒకటి గియ్యొద్దూ? ఇంత దాటాక చాలు, ఇక పక్కన కూర్చోండి అని?"

అన్నది దేశం గురించే. చూసింది మాత్రం తలుపు వెనక మేకుకి వేలాడుతున్న నీలం కోటు వైపు. అత్తగారూ అటే చూసింది. ఆ చూపులు రెండూ అక్కడ తగులుకుని, తగులుకోనట్టు వెనక్కొచ్చేశాయి.

ఆ కోటు గ్రంథాలయాధికారిణిది. ఉన్ని గుడ్డ ఆవిడే ఏరి కొనిచ్చింది. రేపు పొద్దున్నే తీసుకెళ్ళడానికొస్తుంది. కోటు ముందూ వెనకా ముచ్చటగా ఉంది. చేతులు మాత్రం రెండూ ఎడమవే. దర్జీ పని తెలిసినవాళ్ళకి ఇది ఎలా వస్తుందో తెలుసు. గుడ్డని రెండు పొరలుగా మడిచి కోస్తే ఒక కుడీ ఒక ఎడమా వాటంతటవే వస్తాయి. ఒంటి పొర మీద కోస్తే, ఒక చెయ్యి అయ్యాక కాగితం అచ్చుని బోర్లించి రెండోది కొయ్యాలి. బోర్లించడం మరిచిపోతే రెండు చేతులూ ఒకవైపువే తేలతాయి.

ఎవరు మరిచిపోయారు? వారం రోజులుగా ఆ ఇంట్లో అన్నం కూడా అనుమానంగానే ఉడుకుతోంది. "మంగళవారం పొద్దున కోటు ముందూ వెనకా భాగాలు నేను కోశాను, చేతులు ముట్టుకోకుండా దారాలకెళ్ళాను, వచ్చేసరికి చేతులు మూటకట్టి ఉన్నాయి," అంటుంది కోడలు. "నేను ఆ గుడ్డ వంక చూస్తే ఒట్టు, కోసింది నువ్వే, మరిచిపోయుంటావు," అంటుంది అత్తగారు. ఇద్దరి మధ్యా నలిగిన కొడుకు చివరికి తీర్పు చెప్పాడు. కోసినవాళ్ళు కత్తెర వదిలేసి కాజాల కుర్చీలో కూర్చోవాలి. రేపు ఆ కోటావిడ వచ్చేలోపు తేలకపోతే అమ్మ మాటే ఖాయం.

అంటే రేప్పొద్దున్నించి పదహారేళ్ళు నేర్చిన కత్తెర కోడలి చేతిలోంచి పోతుంది.

"పైన గీత గియ్యాలిట, గీత!" అంటూ అత్తగారు అందుకుంది. "అమ్మాయ్, ఆ పెద్దాయన సంగతి నీకేం తెలుసు? ఆయన గుండీ కుట్టింది ఎవరనుకున్నావు? నేను! పోయిన మంగళవారం. మీరెవ్వరూ లేరు. ఈ ఇస్త్రీ ఆయన బొగ్గులకి పోయాడు, నువ్వు దారాలకి పోయావు."

"మంగళవారమేనా, అత్తయ్యా?" అంది కోడలు.

"మంగళవారమే! మధ్యలో మాట్లాడకు. ఊరేగింపు ఇలా ఈ వీధినే వచ్చింది. మన గుమ్మం ముందుకి రాగానే పెద్దాయన జనానికి చెయ్యూపాడు, ఊపేసరికి కోటు గుండీ ఒకటి టప్పున తెగి, ఎగిరి, ఇదిగో ఈ బల్ల మీద పడింది. నేనేమైనా కంగారుపడ్డానా? దిగి రావయ్యా, కుట్టి పంపిస్తాను అన్నాను. వచ్చాడు. కుట్టాను."

"అంతేనా?" అన్నాడు పోస్టుమాను. "గుండీ అంటే నమ్మొచ్చులెండి. గుండీలు తెగుతాయి."

ఆ 'అంతేనా' అనే మాట అనకుండా ఉండాల్సింది. కొలతలమ్మ కాళ్ళు ఊపడం ఆపింది.

"అంతే ఎలా అవుతుంది? అసలు సంగతి ఇప్పుడే మొదలు. గుండీ కుడుతుంటే పెద్దాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. 'అమ్మా, నాకు చేతులు వణుకుతాయని, కళ్ళు ఆనవని ఊరంతా చాటుతున్నారమ్మా' అని. నేనన్నాను, ఏడవకు, ఇదిగో సూది, ఇదిగో దారం, జనం ముందు ఎక్కించి చూపించు. ఏం చేశాడనుకున్నారు? సూది నా చేతికే ఇచ్చి, నడుచుకుంటూ వీధి అవతలికెళ్ళి, అక్కణ్ణించి దారం విసిరాడు. సూటిగా వచ్చి బెజ్జంలో దూరింది! ఒక సూది కాదు, ఏడు సూదులు వరసగా పట్టుకున్నాను, ఏడింట్లోంచీ దూరి అవతల ముడి కూడా పడింది."

"ముడి ఎవరు వేశారు పెద్దమ్మా?"

"దానంతటదే పడింది. దారం కూడా ఆశ్చర్యపోయింది. ఇంతలో ఎవరొచ్చారో చెప్పుకోండి చూద్దాం?"

"కుర్రాయన," అన్నాడు ఇస్త్రీ ఆయన, విసుగ్గా.

"కుర్రాయనే! లారీ మీద నిలబడి, ముప్పై తొమ్మిదేళ్ళు వెలిగిపోతూ. నాకూ సూదివ్వండి అన్నాడు. ఇచ్చాను. పట్టుకుంటే చేతి చెమటకి సూది జారింది, దారం తీసుకెళ్ళి తన చొక్కాకే ఎక్కించుకున్నాడు, విప్పబోతే లారీకి కుట్టుకుపోయాడు. కత్తిరించి విడదీసింది నేనే. 'ఇంట్లో సూది ఎవరెక్కిస్తారు నాయనా?' అంటే 'మా అమ్మ' అన్నాడు. నీకు ఓటేస్తే మీ అమ్మకి వేసినట్టే కదా, ఆవిడ వయసెంత అని అడిగాను. ఎనభై మూడుట!"

పోస్టుమాను పగలబడి నవ్వాడు. ఇస్త్రీ ఆయన మాత్రం నవ్వలేదు. ఆయన ప్రతి మాటనీ కాలర్ తిరగేసి మురికి చూసినట్టు చూసే మనిషి.

కోడలికి నవ్వు రాలేదు. మంగళవారం తను దారాలకి వెళ్ళి రావడానికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటలో ఈవిడ ఏం చేసిందో ఈ ఊరేగింపుల కిందా లారీల కిందా ఎక్కడో ఉంది. చెవులు అక్కడే పెట్టి, మిషను మెల్లగా తొక్కుతోంది.

"అప్పుడు పెద్దాయన, 'అమ్మా, నువ్వు కుట్టిన గుండీ ఇంత గట్టిగా ఉంటే, నువ్వు కుట్టిన కోటు ఎలా ఉంటుందో! ఒకటి కుట్టివ్వు, ఇప్పుడే సభకెళ్ళాలి' అన్నాడు. ఇంకొకరైతే టేపు కోసం వెతుక్కుంటారు. నేను కళ్ళు మూసుకుని ఒక్కసారి దగ్గవయ్యా అన్నాను. దగ్గాడు. ఛాతీ నలభై, నడుము ముప్పై ఆరు, ఎడమ భుజం ఒక అరంగుళం దిగువ. దగ్గుని బట్టి కొలత చెప్పేవాళ్ళు ఈ దేశంలో ఇద్దరే ఉన్నారు, రెండోది కూడా నేనే."

"గుడ్డో?"

"కారు డిక్కీలో సిద్ధంగా ఉంది, నీలం ఉన్ని. పన్నెండుమంది కాపలావాళ్ళు నాలుగంచులూ పట్టుకున్నారు. టీ తెప్పించాను, అది చల్లారేలోపు కోటు అయిపోవాలని పందెం. ఇక చూస్కో, కత్తెర తీశానంటే నిప్పురవ్వలు! వీధి కుక్కలన్నీ పండక్కి టపాకాయలనుకుని పారిపోయాయి. ఒంటి భాగాలైపోయాయి. చేతులు కొయ్యాలి. అక్కడ మడతలు పెట్టుకుంటూ కూర్చుంటే టీ చల్లారదా? మడిచి కోసేది చేతి మీద నమ్మకం లేనివాళ్ళు. నేను ఒంటి పొర మీదే లాగించేశాను! అచ్చు ఇలా పెట్టాను, కర్ర్... ఒక చెయ్యి. ఇలా జరిపాను, కర్ర్... రెండో చెయ్యి. అచ్చు గాల్లోకి లేవను కూడా లేవలేదు, అంత వేగం!"

చెబుతూనే ఆవిడ అరచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి, చర్రున పక్కకి జరిపింది. 

మిషను ఆగింది. ఆగిన సంగతి కోడలికే ముందు తెలియలేదు. కాలు దానంతటదే నిలబడిపోయింది.

"టీ ఇంకా పొగలు కక్కుతోంది, కోటు తయారు!" అత్తగారికి ఇప్పుడు పట్టపగ్గాల్లేవు. "తొడిగాను. ఐదు గుండీలు. మొదటి గుండీ పెట్టగానే ఏమైందో ఊహించండి. ఆయన నెరిసిన మీసం నల్లబడింది! పదేళ్ళు తగ్గిపోయాడు, డెబ్భై రెండు. రెండో గుండీ, నడుము నిలబడింది, అరవై రెండు. మూడో గుండీ, నోట్లో పళ్ళు మొలిచాయి. నాలుగోది పెట్టాను, నలభై రెండు, జనం ఈలలు. నేనాగుతానా, ఐదోదీ పెట్టేశాను!"

"ముప్పై రెండు," అన్నాడు పోస్టుమాను, వేళ్ళు లెక్కపెట్టి. "అయ్యో పెద్దమ్మా! ముప్పై ఐదు దాటాలి కదా!"

"అదే కదా గండం! కాపలావాళ్ళు గొల్లుమన్నారు. ఇప్పుడీయన పోటీకే పనికిరాడు, నామినేషను కొట్టేస్తారు, దేశం ఏమైపోవాలి అని నా కాళ్ళ మీద పడ్డారు. నేను నిదానంగా టీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఐదో గుండీ విప్పాను. నలభై రెండు. దేశం గట్టెక్కింది. అందుకే ఇప్పుడాయన ఎక్కడికెళ్ళినా కింది గుండీ విప్పి తిరుగుతాడు, కావాలంటే బొమ్మ చూసుకోండి! ఇప్పుడు చెప్పమ్మాయ్, వయసు మనిషిలో ఉంటుందా, కుట్టేవాళ్ళ చేతిలో ఉంటుందా?"

ముగ్గురూ వీధి అవతలికి చూశారు. బొమ్మలో పెద్దాయన కోటు కింది గుండీ నిజంగానే విప్పి ఉంది. పొట్ట వల్ల కావచ్చు.

కోడలు లేచి వచ్చి బల్ల పక్కన నిలబడింది. గొంతు వీలైనంత మెత్తగా పెట్టింది.

"అత్తయ్యా, ఆ చేతులు కోసింది ఇంకోసారి చూపించరూ? నాకు రావట్లేదు అంత వేగం."

మెచ్చుకోలు ఎక్కడినించొచ్చినా కాదనే రకం కాదు అత్తగారు. "చూసి నేర్చుకో. అచ్చు ఇలా... కర్ర్. జరుపు... కర్ర్."

"మధ్యలో ఇంకేం చెయ్యలేదా?"

"ఏం చేస్తారు? జరపడమే!"

ఇస్త్రీ ఆయన పెట్టె నిలబెట్టాడు. రోజుకి యాభై జతల చేతులు ఇస్త్రీ చేసే మనిషి. గుమ్మంలోకి తల పెట్టి, చాలా మర్యాదగా అడిగాడు.

"అయితే అమ్మా, ఆ కోటు తొడుక్కోవాలంటే ఆ పెద్దాయనకి రెండూ ఎడమ చేతులే ఉండాలి కదా?"

పోస్టుమాను నవ్వబోయి, ఎవరూ నవ్వట్లేదని చూసి, నోరు మూసుకున్నాడు. అందరి కళ్ళూ తలుపు వెనక మేకు మీదికి పోయాయి.

కొలతలమ్మ చెయ్యి ఇంకా బల్ల మీద బోర్లానే ఉంది. ఆ చేతి వంక చూసుకుంది. మెల్లగా దాన్ని తిరగేసింది. మళ్ళీ బోర్లించింది. 

ఇప్పుడు అనెయ్యొచ్చు, అనుకుంది కోడలు. వారం రోజులుగా నాలుక చివర పెట్టుకున్న మాటలన్నీ ఇప్పుడు అనెయ్యొచ్చు. 

"ఆ రోజు ఎవరూ రాలేదు," అంది అత్తగారు, కోడలి వంక చూడకుండా. "నువ్వొచ్చేలోపు చేతులు కూడా అయిపోయాయనిపించి, నీచేత అబ్బో అనిపించుకుందామని..."

బల్ల దిగింది. కత్తెర తీసి, మొన తనవైపు పెట్టుకుని, పిడి కోడలివైపు చాచింది. కోడలు తీసుకుంది, కానీ అనుమానంగానే తీసుకుంది. ఇందులో ఇంకేం మెలిక ఉందో అని అటూ ఇటూ తిప్పి చూసింది. మెలికేమీ లేదు. బరువుగా మాత్రం ఉంది.

"మీరు చూస్తుండండి, మడిచే కోస్తాను," అంది.

"చూడక ఎక్కడికి పోతాను? నీమీద నాకు మాత్రం అనుమానం లేదనుకున్నావా?" అంటూ అత్తగారు చెత్తబుట్టలో చెయ్యి పెట్టి కెలికి, అరచేతంత నీలం ముక్క ఒకటి పైకి లాగింది. తిన్నగా గుమ్మంలోకెళ్ళి దాన్ని ఇస్త్రీ ఆయన చేతిలో పెట్టింది.

"ఇంత తెలివైనవాడివి కదా, ఊరికే నిలబడకు. ఉన్ని గుడ్డల కొట్టుకెళ్ళి ఈ ముక్క చూపించి ముప్పావు మీటరు తీసుకురా. దీపం కింద చూసి సరేననకు, బయటికి తెచ్చి ఎండలో రంగు కలుస్తుందో లేదో చూడు. వస్తూ వస్తూ మావాడు కనపడితే, కాజాల కుర్చీ కాస్త కిటికీ దగ్గరికి జరపమన్నానని చెప్పు, నేను కూర్చోవాలి. ఎందుకని అడుగుతాడు. వయసైపోయిందని అన్నావో, నీ ఇస్త్రీ బల్ల రేపు ఈ అరుగు మీదుండదు. తొందరపడిందట అని చెప్పు. పో, కొట్టు మూసేస్తారు!"